పదేళ్ళ డైరీ

కియోనో డైరీ తెరిచిందంటే మిత్సుయెకి ఒళ్ళు మండుతుంది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ వీధివైపు గదిలో సోయాపాలతో చేసే టోఫు అమ్ముతారు. ఏ మాట మీద వాదన వచ్చినా తీర్పు చెప్పేది మాత్రం ఆ డైరీయే.

"ముల్లంగి పోయినేడు మంచు పడకముందే ఊరేశాం అక్కా."

"లేదే. మంచు పడ్డాకే వేశాం. ఇదుగో, చూసుకో."

"నీ డైరీ నీ పక్షమే మాట్లాడుతుందిలే!"

అది పదేళ్ళ డైరీ. ఒక్కో తేదీకి ఒక్కో పేజీ, పేజీలో ఏడాదికో వరస. ఇవాళ్టి సంగతి రాస్తుంటే నిరుటి సంగతీ, అంతకుముందువీ పైన కనిపిస్తుంటాయి. ఎవరింటి నుంచి ఏ మిఠాయి వచ్చిందో, బదులు ఏం పంపారో, ఇంటికప్పు ఎప్పుడు బాగుచేయించారో అన్నీ అందులోనే. మనసులో మాట మాత్రం ఉండదు. చెల్లెలితో పోట్లాడిన రోజు "గాలి ఎక్కువ" అని రాసి ఊరుకుంటుంది. ఆ డైరీని నమ్మితే ఆ ఊరు ఎప్పుడో ఎగిరిపోయి ఉండాలి.

డిసెంబరు నెలాఖరుకి చివరి వరసలూ నిండుతూ వచ్చాయి. కొత్తది కొందామని ఇద్దరూ పుస్తకాల కొట్టుకి వెళ్ళారు. కియోనో చెయ్యి పదేళ్ళ డైరీ దాకా వెళ్ళి, ఆగి, పక్కనున్న మూడేళ్ళ దాన్ని తీసింది.

"అదేంటక్కా, అంత బక్కది?"

"నాకు ఎనభై ఒక్కేళ్ళు వచ్చాయే. అమ్మ పోయాక మిగిలిన తన డైరీ గుర్తుందా? నాలుగు వరసల కింద పేజీ పేజీకీ ఖాళీయే. నేను చూడలేకపోయాను. నువ్వూ నాది అలా చూడాలా?"

మిత్సుయె అక్కడున్న పెన్నులన్నీ ఊరికే తిప్పి చూసింది.

"పెద్దదే తీసుకో. మిగిలితే నేను నింపుతాలే."

"నువ్వా? సంతకం పెట్టడానికే బద్ధకం నీకు!"

"రాస్తాను. ముల్లంగి మంచుకి ముందే ఊరేశామని రాస్తాను. అమ్మ నీలం గిన్నె పగలగొట్టింది నువ్వేనని రాస్తాను. కాదనడానికి అప్పుడు నువ్వుంటావా?"

"గిన్నె పగలగొట్టింది నువ్వు!"

"డైరీలో అలా ఉండదుగా."

కియోనో మూడేళ్ళ డైరీని ఠక్కున అరలో పెట్టేసి, పదేళ్ళ దాన్ని రెండు చేతులా లాగింది.

"నీకు ఒక్క వరసైనా మిగులుస్తానేమో చూడు!"

వీధిలోకి రాగానే మిత్సుయె ఆ డైరీని లాక్కుంది. "ఇటు తే. పదేళ్ళు నువ్వు మోస్తావుగా, ఇంటిదాకా నన్ను మొయ్యనీ."

కియోనోకి ఈ గయ్యాళి లేకపోతే తను ఇవన్నీ ఎవరికోసం రాసిపెడుతుంది అనిపించింది. చెల్లెలి మీద ప్రేమ పొంగుకొచ్చింది. పైకి మాత్రం, "పడేస్తావ్, జాగ్రత్త," అంది.

ఇంటికొచ్చి పాత డైరీ తీసింది. బయట మంచుగాలికి తలుపులు దడదడలాడుతున్నాయి. మిత్సుయె వంటింట్లో ఏదో సణుగుతోంది. కియోనో కళ్ళద్దాలు తుడుచుకుని ఆ రోజు వరసలో ఇలా రాసింది:

"కొత్త డైరీ కొన్నాం. మిత్సుయె మోసింది. గాలి అసలు లేదు."