భుజం చెప్పిన సాక్ష్యం

ఆరాంఘర్ చౌరస్తాలో మా ప్రేమ్ రాజ్ కారు ముందున్న వ్యానుకు గుద్దుకుందని ఫోను రాగానే పొయ్యి మీద కూరను అట్లాగే వదిలేసి గేటు దగ్గరికి పరుగెత్తాను. ప్రేమ్ రాజ్ నా చిన్న కొడుకు, ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతాడు. తీరా చూస్తే వాడే కారు నడుపుకుంటూ వచ్చి శంషాబాద్‌లో మా ఇంటి ముందు దిగాడు. కారుకు ఒక లైటు పగిలింది, బంపరు సొట్టపోయింది. మనిషి మీద గీత కూడా లేదు. స్టీరింగు ఎడమ పక్కటెముకల కింద కాస్త ఒత్తుకుందని నవ్వుతూ చెప్పాడు.

కోడలు సిల్వియా వాణ్ణి అటూ ఇటూ తిప్పి చూసింది.

"గంత పెద్ద వ్యాను కనవడలేదా నీకు?"

"వాడు సడన్‌గ బ్రేక్ కొట్టిండే. నేనేం జెయ్యాలె?"

"కండ్లు దెరిచి నడపాలె!"

మా చర్చివాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఆపద తప్పించుకుంటే ఆ ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటాం. పాటలు, ప్రార్థన అయ్యాక, తప్పించుకున్న మనిషి లేచి దేవుడు తనను ఎట్లా కాపాడాడో సాక్ష్యం చెప్పాలి. తర్వాత భోజనాలు. మా మామను పాము కాటేయబోయి వదిలేసినప్పటి కూడిక నుంచి, మా ఆడబిడ్డ కొడుకు బావిలో పడి బతికినప్పటి కూడిక దాకా అన్నీ నాకు గుర్తే. ఎవరింట్లో ఏం వండారో కూడా చెప్పగలను. అందుకే ఆదివారం మా ఇంట్లో కూడిక అనుకున్నాం. తోమాసు పాస్టరుగారు సంతోషం పట్టలేక సంఘం వాళ్లందరికీ ముందే చెప్పేశారు, ప్రేమ్ రాజ్‌కు చిన్న దెబ్బ కూడా తగల్లేదని.

ఆ మాట అంత మందిలో అన్న తర్వాత వాడు నొప్పి అని ఎట్లా చెబుతాడు? చెబితే దేవుణ్ణి తక్కువ చేసినట్టు అవుతుందనుకున్నాడు, పిచ్చి నాయన.

పడుకుంటే మాత్రం ఎడమ భుజం లాగేది. భుజానికి ఏమీ తగల్లేదు కదా, పక్క సరిగ్గా కుదరలేదేమో అనుకున్నాం. నేను నువ్వుల నూనె వెచ్చచేసి రాశాను.

"అక్కడ గాదమ్మా, ఇంకా లోపల."

"లోపలికి నా చెయ్యి ఎట్ల వోతది బిడ్డా?"

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందని కంచం పక్కకు నెట్టేవాడు. దవాఖానకు పోదామని సిల్వియా పోరు పెడితే, "కూడిక గానీయే. సోమవారం పోదాం" అన్నాడు.

ఆదివారం వాకిట్లో షామియానా వేశాం. బగార అన్నం వాసన వీధి చివరి దాకా పోయింది. మా ఇంటి మీదుగా విమానం పోతే ఎవరి మాటా వినబడదు కాబట్టి, అది దాటిపోయేదాకా ఆగి పాస్టరుగారు పిలిచారు. ప్రేమ్ రాజ్ లేచి నిలబడ్డాడు. అందరూ చేతులెత్తి స్తోత్రం అంటున్నారు. వాడు కుడి చెయ్యి ఎత్తాడు గానీ ఎడమ చెయ్యి కడుపుకు అదుముకునే ఉన్నాడు. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. నుదుటి నిండా చెమట.

"నాకు..." అని ఆగిపోయాడు. సిల్వియా వైపు చూశాడు. "నేను అబద్ధం జెప్పలేను. భుజం నొస్తుంది. కడుపుల గుంజుతుంది. జెప్తే దేవునికి పేరు వోతదని ఇన్ని రోజులు జెప్పలే."

పాస్టరుగారు గబగబా వచ్చి వాడి నడుం చుట్టూ చెయ్యి వేశారు. "దేవుని పేరు యాడికి వోతది రా! నేనే తొందరవడి జెప్పిన. కారు దియ్యుండ్రి, జల్ది!"

"ముందుగాల్నే జెప్పొద్దా నాకు?" అని తిడుతూనే సిల్వియా ఏడ్చేసింది. కారెక్కేసరికి వాడికి కళ్లు తిరిగాయి.

దవాఖానలో డాక్టరమ్మ కడుపు నొక్కి చూసి, స్కానింగ్ చేయించి, మమ్మల్ని కంప్యూటర్ తెర దగ్గరికి పిలిచింది. "ఇక్కడ, ఎడమ పక్కటెముకల కింద, పిడికిలంత ఉంటుందమ్మా. రక్తాన్ని వడగడుతుంది, ప్లీహం అంటారు. స్టీరింగు తగిలినప్పుడు లోపల చిట్లింది. పైనున్న పలచటి పొర రక్తాన్ని ఇన్ని రోజులు పట్టి ఉంచింది. ఇవాళ అది చిరిగింది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి."

"మరి భుజం ఎందుకు నొచ్చింది తల్లీ? భుజానికేం తగల్లేదు గద."

"కడుపుకూ ఊపిరితిత్తులకూ మధ్య ఒక తెర ఉంటుంది. దాని నరం మెడలోంచి దిగుతుంది. రక్తం ఆ తెరకు తగిలితే నొప్పి భుజంలో తెలుస్తుంది."

పిల్లల్ని కన్నాను, పెంచాను. వీడి ఒంటి మీద పుట్టుమచ్చలన్నీ కళ్లు మూసుకుని చూపిస్తాను. కానీ ఉల్లిపొర లాంటి పొర ఒకటి నా కొడుకు ప్రాణాన్ని మూట కట్టి మోస్తోందని, కడుపు తన గోడును భుజం చేత చెప్పిస్తోందని నాకేం తెలుసు?

ఆపరేషన్ గది తలుపు తెరుచుకునేదాకా పాస్టరుగారు వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. బయటికొచ్చి, ప్లీహం తీసేశామని, మనిషి దక్కాడని డాక్టరమ్మ చెప్పాక, ఆయన గోడకు ఆనుకుని అక్కడే కింద కూర్చుండిపోయారు.

ప్రేమ్ రాజ్ మగతగా పడుకుని ఉన్నాడు. దుప్పటి మెల్లగా లేస్తోంది, దిగుతోంది. దాన్నే చూస్తూ నా ఎడమ పక్కటెముకల కింద అరచెయ్యి పెట్టుకున్నాను.

సిల్వియా బెదిరిపోయింది. "ఏందత్తమ్మా, నీకు గూడ నొస్తుందా?"

"లేదు బిడ్డా. ఇన్నేండ్ల సంది ఈ ప్లీహం లోపలుండి పనిజేస్తుందట గద. ఒక్కసారి పలకరిద్దామని."