ముందు చక్రం ఎగురుడు

సాంబశివరావు తన సైకిలును తలకిందులు చేసి వాకిట్లో నిలబెట్టడం ఆ వారంలో అది ఐదోసారి. సీటు కింద గోనెపట్టా, హ్యాండిలు కింద పాత చీరముక్క, పక్కన గాలి పంపు, చెంబుతో నీళ్లు, అరిగిపోయిన సబ్బుముక్క. ముందు చక్రాన్ని చేత్తో ఒక్క తిప్పు తిప్పి, గొంతుక్కూర్చుని, ఎడమ కన్ను మూసి చూశాడు. చక్రం తిరుగుతూ తిరుగుతూ ఒకచోట కాస్త పైకి లేచి దిగింది. కుడి కన్ను మూసి చూశాడు. అప్పుడూ లేచింది. రెండు కళ్లూ తెరిచి చూస్తే మాత్రం లేచిందో లేదో తేల్చుకోలేకపోయాడు.

"ఏమే, ఒకసారి ఇట్రా! ఇది ఎగురుతోందో లేదో చూసి చెప్పు."

ధనమ్మ చేటలో కందిపప్పు ఏరుకుంటూ, ఆ చేటతోనే వచ్చి వంగి చూసింది. "గుండ్రంగానే ఉందిగా."

"గుండ్రంగా ఉందా అని నేనడిగానా? ఎగురుతోందా అని."

"చక్రమన్నాక తిరుగుద్ది గానీ ఎగరడమేందయ్యా," అనేసి లోపలికి పోయింది. ఆవిడ కళ్లజోడు టీవీ పక్కన ఉంది. అది లేకపోతే ధనమ్మకి మొగుడు కూడా గుండ్రంగానే కనిపిస్తాడు.

సాంబశివరావు మళ్లీ టైరు దగ్గర కూలబడ్డాడు. టైరు పక్కవాటున, రిమ్ముకి దగ్గరగా, చుట్టూతా సన్నటి గీత ఒకటి ఉంటుంది. టైరు సరిగ్గా కూర్చుంటే ఆ గీత రిమ్ముకి అన్నివైపులా ఒకే ఎడంలో కనపడాలి. ఇక్కడేమో ఒకవైపు గీత రిమ్ములోకి దిగిపోయి కనపడకుండా ఉంది, దానికి ఎదురువైపు చిటికెన వేలు పట్టేంత పైకి తేలింది. గాలి తీసి, సబ్బునీళ్లు రాసి, దిగిపోయిన వైపు బొటనవేళ్లతో పైకి లాగి మళ్లీ గాలి కొట్టాడు. దిగినవైపు తేలింది, తేలినవైపు దిగింది. ముప్పై ఏళ్లుగా ఈ సైకిలుకి టైర్లు తనే ఎక్కించుకుంటున్నవాడు. ఇంత పెంకి టైరును, అదీ కొత్తదాన్ని, ఎన్నడూ చూడలేదు.

టైరు మాట ఎలా ఉన్నా, అసలు సంగతి వేరే ఉంది. నెల రోజుల్లో ఆయన రెండుసార్లు సైకిలు మీంచి పడ్డాడు. మొదటిసారి మిరపచేనికి పోతూ కాలువ కట్ట మీద. రెండోసారి టీ కొట్టు ముందు, పదిమంది చూస్తుండగా. హ్యాండిలు దానంతటదే గుంజేసిందని చెబితే ఒక్కడు నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణముంది. ఆయన అన్న పున్నయ్య కూడా మొదట్లో ఇలాగే పడేవాడు. ఒకసారి బండి మీంచి, ఒకసారి అరుగు మీంచి. తర్వాత దారి మర్చిపోయాడు. ఆ తర్వాత కట్టుకున్న పెళ్లాన్ని పట్టుకుని "ఎవరమ్మా నువ్వు, మా ఇంట్లో ఉన్నావు?" అని అడిగాడు. పోయేనాటికి తన పేరు తనకే తెలియదు. ఆ రెండేళ్లూ అన్నకి అన్నం కలిపి పెట్టింది సాంబశివరావే.

అందుకని కొడుకు ప్రవీణ్ నరసరావుపేటలో తలకాయ డాక్టరు దగ్గర రేపటికి పేరు రాయించాడు. సాంబశివరావు రానంటే రానన్నాడు. "టైరు వంకర. టైరు బాగుచేస్తే పడను. పడకపోతే డాక్టరెందుకురా?" అన్నది ఆయన వాదన. పైకి గట్టిగానే అన్నాడు గానీ, లోపల బెదురుగానే ఉంది. ఎగిరేది టైరా, తన తలా? టైరే అయితే బతికిపోయినట్టు. కాకపోతే అన్న పోయిన దారే. ఇది తేలితే తప్ప ఆయనకి అన్నం సహించడం లేదు.

ఇంట్లో తేలేట్టు లేదని సైకిలు నడిపించుకుంటూ నకరికల్లు రోడ్డు మీద గుల్జార్ బేగం షాపుకి పోయాడు. భర్త పోయాక పన్నెండేళ్లుగా ఆ పంచర్ల షాపు ఆమే నడుపుతోంది. ట్రాక్టరు ట్యూబు దగ్గర్నుంచి సైకిలు బెండు తీయడం దాకా ఆమె చేతిలో పడితే సరి కావలసిందే.

"ఏంది బాబాయ్, సొంత మెకానిక్కివి, నా దగ్గరికొచ్చావు?" అని నవ్వింది గుల్జార్.

"నువ్వే చూడు, నేనేం చెప్పను," అన్నాడాయన. చెబితే ఆమె కూడా తన మాటనే పట్టుకుంటుందేమోనని అనుమానం. ఏమీ చెప్పకుండా ఆమె కంటికి కనపడితే అప్పుడది నిజం.

గుల్జార్ గాలి తీసింది. టైరు చుట్టూ సబ్బునీళ్లు పట్టించి, రొట్టెల పిండిలా పిసికి, కొద్దిగా గాలి పెట్టి, చక్రాన్ని నేలకేసి నాలుగు తట్లు తట్టింది. తర్వాత రాయిలాగా అయ్యేదాకా గాలి కొట్టింది. టైరు రిమ్ములో కూర్చున్నప్పుడు 'టప్' మని ఒక చప్పుడు వస్తుంది. ఇద్దరూ చెవులు రిక్కించారు. రాలేదు. గుల్జార్ చక్రం తిప్పింది. భృకుటి ముడిచింది. మళ్లీ తిప్పింది.

"ఎగురుతోంది బాబాయ్."

"ఎగురుతోందా?" సాంబశివరావు ఆమె మొహంలోకి చూశాడు. "నిజం చెప్పు, నీకూ కనపడుతోందా?"

"కళ్లముందే గెంతుతుంటే కనపడదా? చానా ఎగురుతోంది."

"చానా అంటే ఎంత?"

"అరే, చానా అంటే చానా!"

టైరు చెడిపోయిందని చెబితే ఇంత సంబరపడే మనిషిని గుల్జార్ తన జన్మలో చూసి ఉండదు. ఆయన నవ్వుతున్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు, పక్కన పంచరుకి వచ్చిన ముక్కూ ముఖం తెలియని మోటారు సైకిలతన్ని "చూశావా అయ్యా, ఎగురుతోందంట!" అని పలకరిస్తున్నాడు. ఆమెకి ఏమీ అర్థం కాక, ఎందుకైనా మంచిదని కాసిని మంచినీళ్లిచ్చింది.

"ఈ టైరు ఎక్కించేటప్పుడు లీవరు పెట్టావా, చేత్తోనే ఎక్కిందా?" అని అడిగింది.

"చేత్తోనే. వెన్నలాగా ఎక్కింది."

"కొత్త టైరు వెన్నలాగా ఎక్కిందంటేనే అనుమానపడాల బాబాయ్." ఆమె తడిగుడ్డతో టైరు పక్కన అంకెలు తుడిచి చదివింది. రిమ్ము మీద చెక్కిన అంకెలూ చదివింది. తల కొట్టుకుంది. "ఇది లేడీస్ సైకిలు టైరు. పైకి రెండూ ఇరవయ్యారే. కానీ నీది ఇరవయ్యారు బై ఒకటిన్నర. ఇదేమో ఒకటీ మూడు బై ఎనిమిది. చూడ్డానికి సన్నంగానే ఉంటది గానీ, దాని రిమ్ము నీ దానికన్నా పెద్దది. నీ రిమ్ముకి ఇది వదులు. ఎన్నిసార్లు సర్దినా ఒక పక్కకి పోద్ది. అల్లా దయవల్ల రెండుసార్లే పడ్డావంటగా. ఎవరు తెచ్చారు దీన్ని?"

"ఇంకెవరు? మా ప్రవీణు!" అన్నాడు సాంబశివరావు.

గుల్జార్ ఒకటిన్నర టైరు తీసి, లీవర్లు పెట్టి, పళ్లు బిగబట్టి ఎక్కించి గాలి కొట్టింది. 'టప్' మంది. మళ్లీ ఒకసారి 'టప్' మంది. తిప్పితే గీత చుట్టూతా ఒకే తీరుగా పరిగెత్తింది.

తిరుగుదారిలో సాంబశివరావు సైకిలెక్కాడు. ఎగరలేదు, గుంజలేదు. హ్యాండిలు ఒంటిచేత్తో పట్టుకుని కాసేపు తొక్కాడు. దారిలో ఎదురైన రామాయమ్మ "పడతావు, మెల్లిగా పో అన్నా" అంటే "పడేవాళ్లు వేరే ఉన్నారులే" అన్నాడు. ప్రవీణ్ మీద మాత్రం లోలోపల ఉడికిపోతున్నాడు. విత్తనాల కొట్టు పెట్టుకుని ఊళ్లో రైతులందరికీ ఏ నేలకి ఏ విత్తనమో సలహాలు చెప్పే మొనగాడు, తండ్రికి సరైన టైరు తేలేకపోయాడు. తప్పుడు టైరు తెచ్చి, దానిమీంచి తండ్రి పడితే, తలకాయ డాక్టరు దగ్గర పేరు రాయిస్తాడా? ఇంటికి చేరేలోగా తిట్లన్నీ వరస పెట్టుకున్నాడు.

ప్రవీణ్ భోజనానికి కూర్చుని ఉన్నాడు. సాంబశివరావు చెప్పులు కూడా విప్పలేదు.

"ఒరేయ్, ఆడపిల్లల సైకిలు టైరు తెచ్చి నా మొహాన కొడతావా? గుల్జారమ్మ సైజు చదివి చెప్పింది. నా తలకేం కాలా. నువ్వు తెచ్చిన టైరే వదులు!"

ప్రవీణ్ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపి తల్లి వైపు చూశాడు. ధనమ్మ కొడుకు వైపు చూసింది.

"నేను తేలా నాన్నా," అన్నాడు ప్రవీణ్ నెమ్మదిగా.

"మరి నడిచొచ్చిందా?"

"నువ్వే తెచ్చుకున్నావయ్యా," అంది ధనమ్మ.

ఇద్దరూ ఒకటైపోయారనుకున్నాడు సాంబశివరావు. డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి తల్లీకొడుకులు ఆడుతున్న నాటకమనుకున్నాడు. కానీ ధనమ్మకి అబద్ధమాడటం చేతకాదు. ఆడితే ముందు ఆవిడకే నవ్వొస్తుంది. ఇప్పుడు ఆవిడ మొహంలో నవ్వు లేదు.

"కార్తీకమాసంలో కోటప్పకొండ పోయావు చూడు, సోమవారం నాడు. వచ్చేటప్పుడు నరసరావుపేటలో దిగి నువ్వే తెచ్చావు. టైరు భుజానేసుకుని బస్సు దిగావు. కొట్లో ఏ సైజు అంటే ఇరవయ్యారు అన్నావంట. దాని పక్కన అంకె ఏంది అని వాడడిగితే ఎంతకీ నోటికి రాలేదంట. నువ్వే చెప్పావు. ఇద్దరం నవ్వుకున్నాం కూడా."

సాంబశివరావు స్తంభానికి ఆనుకున్నాడు. కొండ గుర్తుంది. మెట్ల మీద కోతి కొబ్బరిచిప్ప లాక్కుపోవడం గుర్తుంది. ప్రసాదం గుర్తుంది. ఆ తర్వాత టైరు చక్రానికి ఎక్కించడం గుర్తుంది. నడుమ ఎంత తవ్వినా కొట్టు లేదు, బస్సు లేదు, భుజాన టైరు లేదు. ప్రవీణ్ తెచ్చి అరుగు మీద పెట్టినట్టు మాత్రం స్పష్టంగా కనపడుతోంది. జరగనిది అంత స్పష్టంగా ఎలా కనపడుతోందో ఆయనకి అంతు పట్టలేదు. భయమేసింది. అన్నకి అన్నం పెట్టిన రోజుల్లో కూడా వేయనంత భయమేసింది.

"నాన్నా, ముందు కూర్చో," అని ప్రవీణ్ ఎంగిలి చేత్తోనే లేచాడు.

ఆయన కూర్చోలేదు. "ఏమే, మళ్లీ చెప్పు. బస్సు దిగిన కాణ్నుంచి చెప్పు," అన్నాడు.

ధనమ్మ చెప్పింది. ఏ చొక్కా వేసుకున్నాడో, టైరు ఎక్కడ ఆనించాడో, కాళ్లు కడుక్కుంటూ ఏమన్నాడో అన్నీ చెప్పింది. ఏదో ఊళ్లో ఎవరికో జరిగింది వింటున్నట్టు విన్నాడాయన. కొట్టువాడు అంకె అడిగాడన్న చోట చెయ్యెత్తి ఆపాడు.

"ఒకటిన్నర," అన్నాడు. "ఒకటిన్నర అని చెప్పాల్సింది."

ధనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రేపు ఆ డాక్టరు దగ్గరికి ఎన్నింటికి పోవాలిరా?"

"పదింటికి నాన్నా."

"పదింటికి," అని తనలో తను అనుకుని, ధనమ్మ వైపు తిరిగాడు. "నువ్వు కూడా గుర్తు పెట్టుకోవే," అన్నాడు.