ఓదెలు ఇంట్లో కొత్త చాయ్‌లు

నేను చాయ్ వడపోసే జాలిని. పేరులోనే జాలి ఉంది కాబట్టి నా మీద ఎవరైనా జాలి పడతారేమోనని మొదట్లో ఆశపడ్డాను. ఎవరూ పడలేదు. మరిగే చాయ్ తెచ్చి నెత్తిన పోశారు. ఉడికిన పిప్పిని నా కడుపులో మిగిల్చి, సింకు అంచుకేసి టపటపా కొట్టి దులిపారు. అదే నా ఉద్యోగం.

పుట్టింది ఎక్కడో ఒక రేకుల షెడ్డులో. సన్నని స్టీలు తీగలల్లి, గిన్నెలా నొక్కి, పిడి అతికించారు. అతికించినవాడి ధ్యాస ఆ పూట ఎక్కడుందో, పిడి కాస్త వంకరగా కుదిరింది. గోదావరిఖని అంగడిలో భూలక్ష్మి నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "పిడి వంకరున్నది. ఉండనీ, మా ఇంట్ల ఏది సక్కగున్నది గనుక!" అంటూ సంచిలో వేసుకుంది.

ఆ ఇంట్లో చక్కగా లేనిది ఏమిటో సాయంత్రానికే తెలిసింది. ఆమె భర్త ఓదెలు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాడు. ఖాళీగా కూర్చోవడం చేతకాదు. కొన్నాళ్లు పావురాలు పెంచాడు, కొన్నాళ్లు వీధిలో అందరికీ హోమియోపతి మాత్రలు పంచాడు. ఎన్ని మారినా ఒక్కటి మారలేదు. పొద్దు వాలగానే ఎదురింటి గట్టయ్య వచ్చి, వాకిట్లో కుర్చీ లాక్కుని, "వదినె, చాయ్!" అని కేకేసేవాడు. ఓదెలు, ఆయన ఒకే బాయిలో, ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్లు. పాలు, చక్కెర, దంచిన అల్లం కలిసి మరిగిన చాయ్ నాలోంచి రెండు గ్లాసుల్లోకి దిగేది. వాళ్లిద్దరూ చెప్పిన కథలే మళ్లీ చెప్పుకుని, కొత్తగా విన్నట్టు నవ్వుకునేవారు.

అంతలో ఓదెలు ఊటీ టూరుకు వెళ్లొచ్చాడు. వెళ్లినవాడు వేరు, వచ్చినవాడు వేరు. అక్కడి చాయ్ తోటలో ఒక కోటు మనిషి బుల్లి కప్పుల్లో రకరకాల చాయ్‌లు రుచి చూపించాడట. ముందు వాసన చూడాలట, తర్వాత జుర్రుమని పీల్చి నాలుక మీద తిప్పాలట. ఆకు చాయ్ పొట్లాలు కొన్ని, ఒక గాజు కూజా వెంట వచ్చాయి. ఆ కూజాకు కడుపులోనే సొంత జల్లెడ ఉంది.

"దీనికి జాలి అక్కర్లేదు," అన్నాడు ఓదెలు. నన్ను పొయ్యి పైన మేకుకు తగిలించారు.

మొదటి రోజు పచ్చ చాయ్. గట్టయ్య గ్లాసులోకి తొంగి చూశాడు.

"ఏందిరా ఇది? వదినె పాలకూర ఉడకబెట్టి నీళ్లు వంచిందా?"

"మాట్లాడకు. వాసన సూడు. ఇగ జుర్రు."

గట్టయ్య జుర్రాడు. ఆకు ఒకటి వెళ్లి కట్టుడుపళ్ల సందున ఇరుక్కుంది. దగ్గీ దగ్గీ పళ్ల సెట్టు చేతిలోకి వచ్చింది.

మర్నాడు తెల్ల చాయ్. "దీంట్ల చాయ్ యాడున్నదిరా?" అని గట్టయ్య అడిగితే, "కనబడదు, అదే దాని గొప్పతనం," అన్నాడు ఓదెలు. ఆ తర్వాత ఊలాంగ్ అనే రకం. ఓదెలు కళ్లు మూసుకున్నాడు.

"సంపెంగ వాసన. ఎనుక నుంచి వెన్న వాసన. నీకొస్తుందా?"

గట్టయ్య కూడా కళ్లు మూసుకుని చాలాసేపు ప్రయత్నించాడు. "నాకు గ్లాసు కడిగిన సబ్బు వాసనొస్తుంది."

నిజానికి గట్టయ్య ముక్కే గెలిచింది. ఆ పూట భూలక్ష్మి గ్లాసులు సరిగ్గా తొలవలేదు. కానీ ఓదెలుకు కోపం నషాళానికెక్కింది.

"నీది చాయ్‌పొడి దుమ్ముకు అలవాటైన నాలిక. మంచిదేందో నీకేం ఎరుక?"

గట్టయ్య ముఖం చిన్నబోయింది. "ఇద్దరం ఒక్క బాయిల ఒక్క దుమ్ము తిన్నం గదరా," అన్నాడు మెల్లగా. "నీ నాలిక ఎప్పుడు కడుక్కున్నవు?" గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఓదెలు ఒంటరిగా జుర్రసాగాడు. రుచి తెలుస్తోంది, చెప్పుకోవడానికి మనిషి లేడు. "దీంట్ల తేనె వాసనొస్తుందే," అని భార్యతో అంటే, "తేనె సీసా అల్మారల ఉన్నది, తాగు," అంది ఆమె. "పోయి గట్టయ్యను పిలువరాదు?" అని ఆమె అంటే, "వాడే రావాలె," అని గోడకేసి చూసేవాడు. అటు గట్టయ్య తన గడప మీద వీధికి వీపు పెట్టి చాయ్ తాగేవాడు. మేకు మీద నాకు చూడ్డం తప్ప పనేముంది!

చివరికి పొగపట్టించిన చాయ్ ఒక్కటే మిగిలింది. పొట్లానికి చెమ్మ తగిలిందని ఓదెలు సగం ఆకు పెనం మీద పోసి మంట పెట్టాడు. ఆ కాస్త సమయంలో మొక్కలకు నీళ్లు పోస్తున్నట్టు బయటికి వెళ్లి, గట్టయ్య ఏం చేస్తున్నాడో చూద్దామని గేటు సందులోంచి తొంగి చూస్తూ నిలబడిపోయాడు. భూలక్ష్మి బట్టలు తేవడానికి డాబా మీదికి వెళ్లింది. ఇక్కడ ఆకు అంటుకుంది. కిటికీలోంచి నల్లటి పొగ. ఆ వాసనకు ఎదురింటి గడప మీద గట్టయ్య వెనక్కి తిరిగాడు.

"ఓదెలూ!"

బాయిలో పొగ కనబడితే బయటికి పరుగెత్తాలని వాళ్లకు నేర్పారు. గట్టయ్య బకెట్టు పట్టుకుని లోపలికి పరుగెత్తాడు. ఎంత తొందరంటే, గేటు తోసినప్పుడు దాని వెనకున్న ఓదెలు క్రోటన్ కుండీలో కూలబడ్డా చూడలేదు. "ఓదెలూ, యాడున్నవురా!" అని అరుస్తూ పొగలోకి నీళ్లు కుమ్మరించాడు. పెనం చుయ్యిమంది. గాజు కూజా కిందపడి ముక్కలైంది. ఆయన వెనక్కి తిరిగితే, తలుపు దగ్గర నెత్తిన మట్టితో ఓదెలు.

"లోపల లేవా?"

"లేను."

"మరి చెప్పద్దా!" అంటూ గట్టయ్య అక్కడే తడినేల మీద చతికిలబడ్డాడు. "నీకేమన్న అయిందనుకున్నరా..." ఓదెలు కూడా పక్కనే ఆ నీళ్లలో కూర్చున్నాడు. ఓదెలు తువ్వాలు తీసి ముందు గట్టయ్య తల తుడిచాడు.

డాబా దిగొచ్చిన భూలక్ష్మి ఆ చెరువునూ అందులో ఇద్దరినీ చూసి, నన్ను మేకు మీంచి దించింది. పొట్లంలో మిగిలిన సగం ఆకు పాలలో వేసి, అల్లం దంచి, చక్కెర వేసి మరిగించింది.

ఏ చాయ్ అయినా ముందు రుచి చూసేది నేనే. ఎన్నో చూశాను. అంత అన్యాయమైన రుచి మాత్రం చూడలేదు. కాలిన టైరు మీద పాయసం పోసినట్టుంది. ఓదెలు ఒక గుక్క తాగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. గట్టయ్య తాగాడు. చెవులు కదిలాయి.

"ఎట్లున్నది?" భయంభయంగా అడిగాడు ఓదెలు.

"మస్తున్నది," అన్నాడు గట్టయ్య. "నీకు?"

"నాకూ మస్తున్నది."

గట్టయ్య గ్లాసు ఖాళీ చేసి ముందుకు చాచాడు. "వదినె, ఇంకింత." వెనకబడితే బాగుండదని ఓదెలూ చాచాడు. భూలక్ష్మి గిన్నె అంచున ఒక చుక్క వేలికి రాసుకుని నాకింది. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నన్ను మళ్లీ గ్లాసు మీద పెట్టింది.