మానస పేరు మీది షేర్లు

మానస జొన్నరొట్టె కొడుతుంటే హాల్లోంచి మొగుడు శ్రవణ్‌కుమార్ కేకేసిండు. "ఓటీపీ చెప్పు!"

మనకు పొద్దుగూకినంక ఏడింటికి అమెరికాల షేర్ బజార్ తెరుస్తరు. నకిరేకల్‌ల ఆ ఇంట్ల అదే రొట్టెల యాళ్ల. రెండేండ్ల సంది పిండి చేతులతోనే ఫోన్ పట్టుకొని ఆమె అంకెలు చదువుతున్నది. అతనిది సర్కారు నౌకరి. షేర్లు కొన్నా అమ్మినా ఆఫీసుకు లెక్క చెప్పుకోవాలె, ఆ లొల్లి ఎందుకని ఖాతా భార్య పేరు మీద తెరిచిండు. అండ్ల పడేది గూడ ఆమె జీతమే. మానస ప్రైవేటు బళ్లె లెక్కలు చెప్తది. "బీఎడ్ లేదు గదమ్మా, గింతకంటె ఎట్ల ఇయ్యాలె?" అని హెడ్ మేడం ప్రతి జూన్‌ల అంటది. మానస దగ్గర పని నేర్చుకున్న కొత్త టీచర్‌కు మాత్రం, బీఎడ్ ఉన్నందుకు, ఎక్కువిస్తది.

బీఎడ్ చేస్తనని మొగున్ని అడగని ఏడు లేదు. షేర్లు పెరుగుతుంటే, "ఇప్పుడు తీస్తరా ఎవలన్న? ఇంక పెరగనియ్యి" అన్నడు. పడుతుంటే, "ఇప్పుడు తీస్తే నష్టం గాదా? జర లేవనియ్యి" అన్నడు. పెరుగుడుకూ పడుడుకూ నడుమ ఆమె చదువుకు జాగా దొరకలె. పెరిగిన నాడు దోస్తులకు చాయ్ తాపి తన దిమాక్ గురించి చెప్పుకున్నడు. పడ్డ నాడు ఇంటికొచ్చి, "నీ పేరు మీద పెట్టిన చూడు, అందుకే" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. అత్త వెంకటనర్సమ్మ మాత్రం నవ్వలె. "ఆమె పేరుకు కలిసొచ్చుడు లేదు కొడుకా, నేను ముందే అనుకున్న" అన్నది. మానసకు కోపం రాలె. పక్కింటి టీవీ మాటల తీరు అవి చెవులబడి పోయినయి. తన పేరు ఇన్ని పనులు చేస్తుంటే తనకు ఒక్కటీ ఎర్క లేకపాయె, ఆ ఒక్కటే వింతనిపించింది.

ఆ ఏప్రిల్‌ల అమెరికా సుంకాలు పెంచిందని లోకంల బజార్లన్నీ కూలినయి. టీవీల అందరూ మొత్తుకుంటుంటే శ్రవణ్‌కుమార్‌కు హుషారొచ్చింది. "అగ్గువకు దొరుకుతున్నయి. ఈ నెల నీ జీతం మొత్తం పెడుతున్న" అన్నడు. అడగలె, చెప్పిండు.

ఆ పొద్దు ఆమె ఓటీపీ మెసేజ్ మొత్తం చదివింది. 'డియర్ మానస' అని మొదలైంది. ఈ అంకెలు ఎవ్వరికీ చెప్పొద్దని ఆఖరున ఉన్నది.

"ఏమైందే? టైమైపోతాంది!"

స్టవ్ బందుచేసి, చేతులు కడుక్కొని హాల్లోకొచ్చింది. "నీ ఫోన్ ఇటియ్యి. నేనే కొడ్త."

"నీకేం సమజైతది?"

"అంకెలే గద."

తొందరల ఇచ్చేసిండు. అండ్ల షేర్ల అంకెలన్నీ ఎర్రగున్నయి. ఆ కంపెనీల పేర్లు సగం ఆమె విననే లేదు. 'అమ్ము' అన్నకాడ నొక్కి, రెండేండ్ల ఫీజుకు సరిపోయేటన్ని షేర్లు రాసింది. తన ఫోన్‌కు మళ్ల ఓటీపీ వచ్చింది. ఎవ్వరికీ చెప్పలె.

శ్రవణ్‌కుమార్ తొంగిచూసి ఒక్క దుంకు దుంకిండు. "పిచ్చి లేసిందా? గిప్పుడు అమ్ముడేంది? ఎంత నష్టమో ఎర్కనా?"

"ఎర్కనే. బీఎడ్ ఎంట్రెన్స్ రాస్తున్న. గివి ఫీజుకు."

వెంకటనర్సమ్మ చిక్కుడుకాయల తట్ట పక్కకు వెట్టి లేసింది. "మొగోడు వద్దంటుంటే గిదేం పని పిల్లా?"

"అమ్మింది నా పేరు మీదియే అత్తమ్మా."

అతను నెత్తి పట్టుకొని కుర్చీల కూలబడ్డడు. ఆమె చేతిల ఉన్న తన ఫోన్ దిక్కు చూసిండు. గొంతు తగ్గించి, బతిమాలినట్టు అన్నడు. "సరే, అయిందేదో అయింది. ఈ నెల జీతమన్న పెట్టనియ్యి. గింత అగ్గువకు మళ్ల దొరకవు. వచ్చే నెల జీతం నువ్వే ఉంచుకో."

అతని ఫోన్ అతని చేతుల పెట్టింది మానస.

"వచ్చే నెల జీతం లేదు. రేపటి సంది బడికి రానని పొద్దుగాల్నే మేడంకు చెప్పొచ్చిన."