నూట ఇరవై గ్లాసులు

మా చర్చి సంఘంలో ఏటా వార్షికోత్సవానికి ఒక చిన్న పుస్తకం వేస్తారు. కష్టాల్లోనూ విశ్వాసం వదలనివాళ్ళ జీవిత కథలు. కాపురానికి వచ్చినప్పటినుంచి అన్నీ చదివాను. వాటిలో ఎవరికీ రోగం వస్తే విసుగు రాదు. కాలు తీసేస్తుంటే డాక్టరుకే ధైర్యం చెబుతారు. పోయేముందు ఒక చక్కని మాట చెప్పి, అందరూ విన్నారో లేదో చూసుకుని మరీ కన్నుమూస్తారు. పంటి నొప్పికే ఇంటిల్లిపాది మీదా విరుచుకుపడే నాకు, పుస్తకం మూసేసరికి ముఖం చిన్నబోయేది.

ఈ ఏడు పుస్తకం మా అత్తగారి మీద వేద్దామన్నారు. ఆవిడ గుండె ఇంక ఎన్నో వారాలు లాగదని డాక్టరు చెప్పి అప్పటికి పది రోజులు. "చదువుకున్న కోడలు ఇంట్లో ఉండగా రాసేవాళ్ళని వెతుక్కోవడం ఎందుకు?" అన్నారట పాస్టరుగారు. అలా నా బి.ఏ. పట్టాకు ఇన్నాళ్ళకు పని పడింది.

కష్టపడి రాయడానికేమీ లేదనుకున్నాను. కథ అందరికీ తెలిసిందే. నా పెళ్ళికి రెండేళ్ళ ముందు, మా ఆయన చెల్లెలు పందొమ్మిదేళ్ళకే జ్వరంతో పోయింది. శుక్రవారం సమాధి చేశారు. మర్నాడు శనివారం మధ్యాహ్నం మా అత్తగారు చర్చి వెనక గదిలో ఎప్పటిలాగే పంపు దగ్గర నిలబడి, ఆదివారం ప్రభు బల్లలో మనిషికొకటి చొప్పున ద్రాక్షరసం పోసి ఇచ్చే బొటనవేలంత గాజు గ్లాసులు కడుగుతూ కనిపించింది. కంట తడి లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. గుమ్మం దాకా వచ్చినవాళ్ళు ప్రార్థనలో ఉందనుకుని, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళి నలుగురికీ చెప్పారు. ఆ కదిలే పెదవుల మీద ఈ ఇరవై నాలుగేళ్ళలో నేను విన్న ప్రసంగాలకు లెక్క లేదు.

మొదటి కాగితం రాసి తీసుకెళ్ళి చదివాను. అత్తయ్య దిండ్లకు ఆనుకుని విన్నది.

"ప్రార్థన కాదు," అంది.

"మరి?"

"లెక్కపెట్టుకుంటున్నాను. మొత్తం నూట ఇరవై. ఒక్కటి తగ్గినా ఆదివారం ఎవరో ఒకరు చేతులు చూసుకుంటూ కూర్చోవాలి. పందొమ్మిది దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పిపోయేది. మళ్ళీ ఒకటి నుంచి. దీపాలు పెట్టే వేళదాకా అదే పని."

కాగితం మీద 'ప్రార్థన' అన్న మాట కొట్టేశాను. "మరి ప్రార్థన ఎప్పుడు చేశారు?"

"ఏడేళ్ళు చెయ్యలేదు. ఆయనకీ నాకూ మాటల్లేవు."

పోయిన మావగారికీ ఆవిడకూ మాటల్లేని వారాలు చాలానే చూశాను కనుక, 'మావయ్యతోనా?' అని అడగబోయాను. ఆవిడ చూపుడువేలు పైకెత్తింది. ఆ ఏడేళ్ళలో ఐదేళ్ళు నేను ఆ ఇంట్లోనే, ఆవిడ పక్కనే మోకరించాను. నాకేమీ తెలియలేదు.

"మాటల్లేకపోతే గ్లాసులెందుకు కడిగారత్తయ్యా?"

"మీ మావయ్యతో మాటల్లేనప్పుడు అన్నం పెట్టలేదా? ఇదీ అంతే."

"మళ్ళీ ఎలా కలిశారు?"

"ఏడో ఏట ఒక శనివారం లెక్క తప్పకుండా నూట ఇరవై దాకా వచ్చింది. 'హమ్మయ్య తండ్రీ, నీ దయ' అని పొరపాటున అనేశాను. అన్నాక ఎంత సిగ్గేసిందో. అలిగినవాళ్ళం మనమే ముందు పలకరించేశామే అని." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇదంతా రాయి."

"పుస్తకంలోనా?"

"పుస్తకంలోనే. దర్జీ పెళ్ళాం కోసం."

దర్జీ కొట్టు మా వీధి చివర. పోయిన వానల్లో అతని పదకొండు నెలల కొడుకు పోయాడు. పలకరించడానికి వెళ్ళిన ప్రతివాళ్ళూ ఆ పిల్లకు మా అత్తగారి కథే చెప్పారు. చూడు, ఆవిడ మర్నాడే ప్రార్థన చేసుకుంది, నువ్వేమో ఇంకా ఏడుస్తున్నావు. కుట్టిన జాకెట్టు ఇవ్వడానికి వచ్చి, మా గుమ్మంలో నిలబడి ఆ పిల్ల అన్న మాట నాకింకా గుర్తుంది. "ప్రార్థన చేద్దామంటే మాటే రావట్లేదు పెద్దమ్మా. నాకు విశ్వాసం లేదేమో. అందుకే పోయాడేమో." ఆ తర్వాత చర్చికి రావడం మానేసింది.

"ఆరోజే, నువ్వు లోపలికి వెళ్ళాక చెప్పాను దానికి, నేనూ చెయ్యలేదే అని," అంది అత్తయ్య. "ఓదార్చడానికి చెబుతున్నారులే అంది. అచ్చులో చూస్తే నమ్ముతుంది. నా కథ పెట్టి ఆ పిల్లని కొడుతున్నారమ్మాయ్. నేను పోయాక పుస్తకం పెట్టి కొడతారు."

నేను రాశాను. మా ఆయన సగం చదివి, "అమ్మ గురించి ఇలా రాస్తారా ఎవరైనా?" అని కాగితాలు బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయారు.

పాస్టరుగారు ఆదివారం సాయంత్రం కమలాపళ్ళు తీసుకుని వచ్చారు. ముప్పై దాటని మనిషి, మంచివాడు. మంచం పక్కన కూర్చుని ఆ పేజీలు రెండుసార్లు చదివారు.

"అమ్మగారూ, ఇది..."

"నిజమండీ. నేనే రాయించాను. ఏడేళ్ళూ లెక్కే పెట్టాను, ప్రార్థన చెయ్యలేదు."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఇంత వినయం నేనెక్కడా చూడలేదమ్మా," అన్నారు.

అత్తయ్య నా వంక చూసింది. చెప్పాల్సింది చెప్పడానికి ఇంకోసారి నోరు తెరిచింది కాని, దగ్గు వచ్చేసింది. ఆయన వెళ్ళాక దుప్పటి సర్దుతుంటే అంది: "గోడకు చెప్పుకుంటే గోడైనా ఊరుకునేది. ఈయన మెచ్చుకున్నాడు."

"అచ్చులో ఉంటుందత్తయ్యా. నేను చూసుకుంటాగా," అన్నాను.

బుధవారం ఉదయం పోయింది. చక్కని మాటేమీ చెప్పలేదు. "పొయ్యి మీద పాలు పెట్టావేమో, చూసిరా," అంది. పొయ్యి మీద పాలు లేవు. అయినా వెళ్ళి చూశాను. తిరిగి వచ్చేసరికి లేదు.

పుస్తకాలు నెల తిరక్కుండా వచ్చాయి. చర్చి గది కురుస్తోందని, మూడు వందల ప్రతులూ కట్టలుగా మా ముందు గదిలోనే దించారు. పధ్నాలుగో పేజీ తీశాను. "కన్నకూతుర్ని పోగొట్టుకున్న మర్నాడే ఆమె ఎడతెగక ప్రార్థించింది. ఏడేళ్ళు ప్రార్థించలేదని చెప్పుకునేంత వినయం ఆమెది." రాసినవారు అన్నచోట నా పేరు.

పాస్టరుగారి దగ్గరికి పరిగెత్తి పోట్లాడే రకాన్ని కాను. పప్పు పొయ్యి మీద పెట్టి, కాసేపు ఆలోచించాను. అచ్చయిన పుస్తకం అన్నాక తప్పొప్పుల పట్టిక ఉండాలి కదా. తెల్ల కాగితాలు అరచేతంత ముక్కలుగా కత్తిరించి, రాయడం మొదలుపెట్టాను.

"పధ్నాలుగో పేజీలో 'ఎడతెగక ప్రార్థించింది' అన్నచోట 'గ్లాసులు లెక్కపెట్టింది, పందొమ్మిది దగ్గర తప్పింది, మళ్ళీ లెక్కపెట్టింది' అని చదువుకోవాలి. 'వినయం' అన్నచోట 'నిజం' అని చదువుకోవాలి."

అరవై రాసేసరికి వేళ్ళు కొంకర్లు పోయాయి. పప్పు మాడింది. ఆ వాసనకు లోపలి గదిలోంచి మా ఆయన వచ్చారు. ఒక ముక్క తీసి చదివారు. తిట్టబోతున్నారనుకున్నాను.

"పందొమ్మిది దగ్గరా?"

"ఊఁ."

ఆయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. రాసిన ముక్కలు ఒక్కొక్కటే సర్దుతూ అన్నారు: "ఆరోజు అమ్మని ఇంటికి తీసుకురావడానికి నేనే వెళ్ళాను. గుమ్మంలో నిలబడ్డాను. ప్రార్థనలో ఉంది కదా అని వచ్చేశాను."

దీపాలు పెట్టే వేళదాకా ఆవిడ ఆ గదిలో ఒక్కతే. పది మంది వచ్చారు. పది మందీ గౌరవంగా వెనక్కి వెళ్ళారు.

ఆయన నా చేతిలో కలం తీసుకున్నారు. మిగతా రెండు వందల నలభై ఆయనే రాశారు, రెండు రోజులు పట్టింది. కొన్నిచోట్ల సిరా చెమ్మకు అలుక్కుపోయింది. అవి కూడా పుస్తకాల్లో ఆ పేజీ దగ్గర పెట్టేశాం.

దర్జీ కొట్టుకు ఒక ప్రతి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ పిల్ల మిషను మీంచి తలెత్తకుండానే, "అక్కడ పెట్టండక్కా," అంది. పెట్టి వచ్చేశాను.

ఆదివారం పుస్తకాలు పంచారు. పాస్టరుగారు తన ప్రతిలో ముక్క చూసి, చదివి, మడిచి, అదే పేజీలో తిరిగి పెట్టుకున్నారు. ఆరోజు ప్రసంగం కాస్త పొట్టిగా సాగింది.

అత్తయ్య పోయాక గ్లాసుల పని నాకు వచ్చింది. ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం వెళ్ళేసరికి వెనక గదిలో పంపు తిప్పి ఉంది. దర్జీ భార్య. కొంగు నడుముకు చుట్టుకుని, కడిగిన గ్లాసులు బట్ట మీద ఒక్కొక్కటే బోర్లిస్తోంది. పెదవులు కదులుతున్నాయి. ముఖమంతా తడి, తుడుచుకోవడం లేదు.

మా సంఘం అలవాటు చొప్పున నా కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయాయి. ఒక అడుగు వెనక్కి కూడా పడింది.

చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. మేకుకు వేలాడుతున్న పొడి గుడ్డ తీసుకుని పక్కన నిలబడ్డాను.

"ఎంతదాకా వచ్చావ్?"

"పదకొండు... కాదక్కా, తప్పిపోయింది." చేతిలో గ్లాసు మళ్ళీ పంపు కింద పెట్టింది. "ఇప్పటికి నాలుగోసారి."

"తప్పనీ," అన్నాను. మొదటి గ్లాసు చేతిలోకి తీసుకుని తుడిచాను. "ఒకటి."

ఇంకో తడి గ్లాసు నాకు అందిస్తూ, "రెండు," అంది.