గ్రైండర్ మోతలో రాసిన నవల

నేను ఒక టైపు మిషన్ని. నా గొడవంతా ఎల్డన్ ప్రాట్ అనే అమెరికా నవలాకారుడితో. కొన్న రోజునే నన్ను తలకిందులు చేసి, లోపల ఎవరైనా మైకు దాచారేమోనని స్క్రూడ్రైవరుతో కెలికాడు. ఆ అవమానం ఇంకా మరిచిపోలేదు.

అంతకుముందు నేనొక టైపు స్కూల్లో ఉండేదాన్ని. అది మూతపడటంతో నా చదువు సగంలో ఆగింది. అక్షరాలు కొట్టడం వచ్చు, అర్థాలు రావు. ఎల్డన్ దగ్గర ఆ లోటు తెలియలేదు. అతని మొదటి నవలలో హీరో తను నవలలో ఉన్నానని కనిపెట్టి, పుస్తకంలోంచి పారిపోతాడు. మిగతా పేజీలన్నీ అతన్ని వెతకడమే. విమర్శకులకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అందుకని గొప్పదన్నారు. రెండోదానికి బహుమతి ఇచ్చారు. ఆ పతకంలో ఏదో దాచి పంపారని విప్పకుండానే తిప్పి పంపేశాడు. ఫొటో ఒక్కటీ దిగలేదు. ఎంత దాక్కుంటే అంత పేరొచ్చింది. ఆ భయం నిజమో, వ్యాపారమో నాకీనాటికీ అనుమానమే.

మూడో నవల కోసం పిట్స్‌బర్గ్‌లో దొంగపేరుతో ఓ వాటా అద్దెకు తీసుకున్నాడు. గోడలు పల్చన. నన్ను కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, నా చప్పుడు వింటే పక్కవాళ్ళు పట్టేస్తారని కింద దుప్పటి పరిచాడు. అయినా ధైర్యం చాల్లేదు. ఒక శనివారం పక్క వాటాలో పెద్ద మోత. తాతారావు, మంగతాయారు అనే తెలుగు దంపతులు ఇడ్లీ పిండికి గ్రైండర్ వేశారు. ఎల్డన్ నా మీద పడ్డాడు. మోత ఆగగానే వాక్యం మధ్యలోనే అతనూ ఆగాడు. ఇక అదే పద్ధతి. వాళ్ళింట్లో పప్పు నలిగితేనే మా ఇంట్లో నవల నడిచేది. వాళ్ళకు చుట్టాలొచ్చి గారెలు వండుకున్న వారం ఏకంగా ఒక అధ్యాయం అయిపోయింది. ఏళ్ళ తరబడి గోడ పక్కనుండి వాళ్ళ మాట నాకూ పట్టుబడింది.

చివరి అధ్యాయం మిగిలిందనగా మంగతాయారు అతన్ని మెట్ల మీద చూసింది. ఆ సాయంత్రం గోడవతల మాటలు విన్నాను.

"ఏవండీ, పక్కింటి ముసలాయన కళ్ళు చూశారా? ఎలా పీక్కుపోయాయో! మన గ్రైండర్ మోతకేనండి, నిద్రుండట్లేదు పాపం."

"ఒక్కనాడైనా వచ్చి అడిగాడేంటి?"

"అడగడండి, పెద్దమనిషి. మీరైతే ఈపాటికి పోలీసుల్ని పిలుద్దురు."

"సర్లే తాయారూ, ఇకనుంచి కొట్లో పిండే కొందాం. పులిసి చస్తుంది. ఏం చేస్తాం, తిందాం."

శనివారం వచ్చింది. మోత లేదు. ఎల్డన్ వేళ్ళు నా మీద ఆన్చి ఎదురుచూశాడు. మర్నాడూ లేదు. "నేనెప్పుడు కొడతానో విందామనే ఆపేశారు," అన్నాడు గొంతు తగ్గించి. తలుపు తట్టి ఒక్క మాట అడిగితే పోయేది. అడగకుండా గోడకు చెవి ఆన్చాడు. సరిగ్గా అవతలి నుంచి మంగతాయారు గుసగుస వినిపించింది:

"చప్పుడే లేదండి. హాయిగా పడుకున్నాడు."

అతనికి తెలుగు రాదు. గోడకు చెవి పెట్టి ఎవరో తనను వింటున్నారన్న సంగతి మాత్రం తెలిసిపోయింది. గంటలో రాతప్రతి చంకన పెట్టుకుని పారిపోయాడు. చప్పుడు చేస్తానని నన్ను వదిలేశాడు. ఆ నవల ఇంతవరకు రాలేదు. రాయకపోవడమే అతని అసలు గొప్పతనమని విమర్శకులు అంటున్నారట.

వాటా ఖాళీ చేయించినవాళ్ళు నన్ను బయట పడేస్తే మంగతాయారు తెచ్చుకుంది. దసరాకి గ్రైండర్ పక్కన కూర్చోబెట్టి నాకూ బొట్టు పెట్టింది. తర్వాత చెప్పుల అరలో, కింది వరుసకు చేర్చింది. ఇప్పుడు పక్కన ఎవరూ లేరుగా, మళ్ళీ ఇంట్లోనే రుబ్బుతున్నారు. ఆ మోత మొదలవగానే నా మీటలన్నీ జివ్వుమంటాయి. కొట్టే వేళ్ళు లేవు.

ఎల్డన్ ప్రాట్ వల్ల నాకు పోయింది ఇదీ: కిటికీ పక్కన బల్ల, మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు.