కుడికాలు ఆమెది, ఎడమకాలు ఆయనది

ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో బస్టాండు మైకులో చెప్పే ఆవిడను అందరూ మైకమ్మ అనే పిలిచేవారు. షుగరు వచ్చాక ఆమె ఖంగుమనే గొంతుకేమీ కాలేదు గానీ, కుడిపాదం పొంగి కూర్చుంది. ఎడమది ఎప్పటిలాగే ఉంది. "ఇంట్లో కూడా వట్టికాళ్ళతో నడవకండి. ముందు వెడల్పుగా, మెత్తగా, పైన అంటించుకునే పట్టీ ఉన్న చెప్పులు కొనుక్కోండి. కాళ్ళు వాచే సాయంత్రం పూటే కొలత చూసుకోండి" అని డాక్టరు గట్టిగా చెప్పాడు.

సాయంత్రం చెల్లెల్ని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళింది. కుడికాలికి పెద్ద సైజు, ఎడమకాలికి చిన్న సైజు సరిపోయాయి. అలాగే ఇమ్మంది.

"జత విడగొడితే మిగిలిన రెండూ నేను చెవులకు తగిలించుకోనా అమ్మా?" అన్నాడు దుకాణదారు. "ఎడమకాలు వాచిన మనిషిని తీసుకురండి, ఇస్తాను."

చెల్లెలు పకపకా నవ్వింది. మైకమ్మ నవ్వలేదు. మర్నాడు రెండు బస్సుల మధ్య ఆమె గొంతు బస్టాండంతా మోగింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఎడమకాలు వాచి, కుడికాలు మామూలుగా ఉన్నవారు విచారణ కౌంటరు వద్దకు రావలసిందిగా కోరడమైనది."

వచ్చారు. రెండు కాళ్ళూ వాచినాయన, ఒకదాన్ని చూడనట్టు వదిలెయ్యమని బతిమాలాడు. కందిరీగ కుట్టినావిడ తన వంతు వచ్చేసరికి వాపు దిగిపోయి ఉసూరుమంటూ వెళ్ళింది. పనికొస్తుందేమోనని చెయ్యి వాచినాయన కూడా నిలబడ్డాడు. చివరికి ఊళ్ళోని పళ్ళ డాక్టరు బస్సు దిగి వచ్చి ప్యాంటు పైకి లాగాడు. పిల్లలందరిచేతా మిఠాయిలు మాన్పించే ఆయనకే షుగరు. ఎడమకాలు గుమ్మడికాయలా ఉంది.

"ఎంత బాగా వాచిందండీ!" అంది మైకమ్మ.

"మీదీ తక్కువేం కాదు" అన్నాడు ఆయన మొహమాటంగా.

దుకాణంలో పెద్ద సైజు ఎరుపులో, చిన్న సైజు నలుపులో మాత్రమే దొరికాయి. ఇద్దరూ ఒక కాలికి ఎర్రది, రెండోకాలికి నల్లది తొడుక్కుని వీధిలోకి నడిచారు. జనం ఆగి చూశారు. చూడనీ అనుకుంది మైకమ్మ. అరికాలు అంత సుఖంగా నేలకు ఆని ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు.

కొన్నాళ్ళకు పళ్ళ డాక్టరు కౌంటరు దగ్గరికి వచ్చి నేలచూపులు చూశాడు.

"తగ్గిపోయిందండీ."

"ఏమిటి?"

"వాపు. కొత్త మందు పనిచేసింది. పెద్దది కాలికి నిలవడం లేదు."

"చెప్పాపెట్టకుండా ఎలా తగ్గించుకున్నారండీ? మనం ఒక మాట అనుకున్నాం కదా!"

"నేను కావాలని చేశానా?" ఆయన ఆమె నల్లచెప్పు వంక ఆశగా చూశాడు. "మీ ఎడమకాలు కూడా కాస్త..."

"వాచాలా?"

"తొందరేం లేదు, నిదానంగానే. అప్పుడు పెద్దవి రెండూ మీకు, చిన్నవి రెండూ నాకు."

మైకు కట్టెయ్యడం మరిచిపోవడంతో ఇదంతా బస్టాండు మొత్తం వింది. ప్రయాణికులు రెండు పక్షాలయ్యారు. ఆవిడ ఎందుకు వాచాలని కొందరు, ఆయన మాత్రం బాగుపడకూడదా అని కొందరు అరుచుకుంటుంటే ఒక బస్సు ఖాళీగానే వెళ్ళిపోయింది. అక్కకు క్యారియరు తెచ్చిన చెల్లెలు ఇక విసిగిపోయి, "చిగుళ్ళకు అచ్చు తీసి కట్టుడుపళ్ళు పెడతారు కదా, మీ కాలికి అచ్చు తీసి చెప్పులో ఆ వదులు పూడ్చుకోలేరా?" అని డాక్టర్ని కసిరింది.

తన కాలికి తనే అచ్చు తీసుకోవడం కుదరదు కనుక డాక్టరు తన ఆసుపత్రిలో రోగుల కుర్చీలో కూర్చున్నాడు. అచ్చు పిండి కలిపింది మైకమ్మ.

"చల్లగా ఉంటుంది. కదలకండి. నొప్పి పుడితే చెయ్యెత్తండి" అంది, బస్సు నంబరు చదివినంత స్పష్టంగా.

కుర్చీ వెనక్కి వాలగానే అంత డాక్టరూ బుద్ధిగా నోరు తెరిచాడు.

"మూసుకోండి. పని కింద."

ఆ అచ్చును బట్టి కోయించిన మెత్తటి అట్ట లోపల వేశాక ఎర్రచెప్పు ఆయన కాలికి చక్కగా నిలిచింది. అచ్చు తీసిన రోజు మాత్రం, అదంతా చూసి, బుగ్గ వాచి వరుసలో కూర్చున్న పెద్దమనిషి ఎందుకైనా మంచిదని చెప్పులు విప్పి, నోరు తెరిచి, తన వంతు కోసం ఎదురుచూశాడు.